రెండు ప్రాసెసర్ల బోర్డుకు క్యాబినెట్ చేయించిన నా అనుభవం

పాత తెలుగు పత్రికల, పుస్తకాల స్కాన్ పుటలను వెతుక్కోవడానికి వీలైన అక్షరాలుగా మార్చడం నా పని. మల్కాజిగిరిలో మా ఇంటి చిన్న గదిలోనే ఆ పని సాగుతుంది. ఒక్కో పుటను చదవడానికి కంప్యూటర్‌కు కొన్ని సెకన్లు చాలు. పుటలు లక్షల్లో ఉంటే ఆ సెకన్లే నెలలవుతాయి. అయితే ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఏ పుటకు ఆ పుటను విడిగా చదివించవచ్చు కనుక ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు, అంటే కోర్లు, ఎన్ని ఉంటే అన్ని పుటలు ఒకేసారి నడుస్తాయి. అందుకని కొత్త ప్రాసెసర్ ఒకటి కొనే డబ్బుతో పాత సర్వర్ ప్రాసెసర్లు రెండు, వాటి మదర్‌బోర్డు, 128 జీబీ ర్యామ్ కొనాలని నిర్ణయించుకున్నాను.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరికాయి. ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4, 2016 నాటివి. ఒక్కోదానిలో 14 కోర్లు, 28 థ్రెడ్లు. అంటే ఒక్కో కోరు ఒకేసారి రెండు పనులు నడపగలదు. రెండు ప్రాసెసర్లూ కలిస్తే 56 థ్రెడ్లు. దుకాణంలోని అబ్బాయి బోర్డును బుడగల కవరులో చుడుతుంటే, దీనికి క్యాబినెట్ కూడా చూపించమన్నాను. "ఈ సైజుకి మా దగ్గర రాదక్కా. సర్వర్ మొత్తంగా కొంటేనే వస్తుంది" అన్నాడు. సర్వర్ పెట్టెలు చూపించాడు కూడా. ఆఫీసుల్లో బీరువాల్లాంటి ర్యాకుల్లో పెట్టే రకం. ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లకు మించదు. ఆ ఇరుకులో పట్టేవి 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లే. అవి నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరిగితే గానీ చాలినంత గాలి ఇవ్వలేవు. ఒకదాన్ని ఆన్ చేసి వినిపించాడు. మా అమ్మ నిద్రపోయే గదికీ నా గదికీ మధ్య ఒక్క గోడే. ఆ మాట అక్కడితో ఆపేశాను.

మామూలు క్యాబినెట్ ఎందుకు పనికిరాదో బోర్డును బల్ల మీద పరిచాక తెలిసింది. మన ఇళ్లలో ఉండే ఏటీఎక్స్ బోర్డు కొలత 305 మిల్లీమీటర్లు, 244 మిల్లీమీటర్లు. నాది 305, 330. ప్రతి ప్రాసెసర్‌కూ తన సొంత ర్యామ్, దానికి డేటా వచ్చిపోయే దారులు, అంటే చానెళ్లు, నాలుగేసి ఉంటాయి. వాటన్నింటికీ చోటు చూపించాలి కాబట్టే అంత వెడల్పు. ఎక్కువైన ఆ 86 మిల్లీమీటర్లు సరిగ్గా వైర్లు వెళ్లే కంతల మీదికీ, హార్డ్‌డిస్కులు కూర్చునే చోటికీ వస్తాయి. పెద్ద బోర్డులు పడతాయని రాసి ఉన్న క్యాబినెట్లు కూడా చూశాను. చాలావాటిలో 270, 280 మిల్లీమీటర్ల దగ్గరే ఆ "పెద్ద" ఆగిపోతుంది. పైగా సర్వర్ బోర్డుల స్క్రూ రంధ్రాలన్నీ ఏటీఎక్స్ రంధ్రాలతో కలవవు. పాత క్యాబినెట్‌లో బోర్డును ఎత్తి పట్టే స్టాండాఫ్‌లను రేకునే పైకి ఉబ్బించి చేసి ఉంటే, రంధ్రం లేని చోట అవి బోర్డు అడుగున తగులుతాయి. అక్కడ ఒక టంకం చుక్కకు లోహం తగిలితే బోర్డు కాలిపోవచ్చు. చేయించుకోవడం తప్ప దారి కనబడలేదు.

మొదట నేను గీసింది పెట్టెను. బోర్డు, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, డిస్కులు ఎక్కడెక్కడ పడతాయో చూసుకుని చుట్టూ నాలుగు గోడలు గీశాను. గాలి సంగతి తర్వాత చూసుకోవచ్చు, కంతలు పెడితే అదే పోతుంది అనుకున్నాను. నెల రోజుల తర్వాత ఆ బొమ్మలో ఒక్క గీత కూడా మిగల్లేదు.

పక్కింటివాళ్లకు కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె అడిగి తెచ్చుకుని అసలు కొలతల్లో నమూనా చేశాను. ఇలాంటి పని తలపెట్టేవారెవరైనా సరే, రేకు జోలికి వెళ్లే ముందు అట్టతో ఒకసారి చేసి చూడాలని గట్టిగా చెబుతాను. తెర మీద కనబడని సంగతులు అట్టలో చేతికి తగులుతాయి. స్క్రూడ్రైవర్ తిప్పడానికి చెయ్యి పట్టదు. పై మూలలో ఉన్న రెండు ఎనిమిది పిన్నుల పవర్ ప్లగ్గులకు కింద ఉన్న ఎస్‌ఎంపీఎస్ నుంచి తీగ చాలదు. ఇవన్నీ ఒక సాయంత్రంలోనే బయటపడ్డాయి.

అట్ట నమూనాలో బోర్డు బిగించి, పక్కనే కూర్చుని, రెండు ప్రాసెసర్లకూ పూర్తి పని ఇచ్చి నడిపించాను. ఏప్రిల్ మొదటి వారం, గదిలో 36 డిగ్రీలు. అరగంటకు మొదటి ప్రాసెసర్ 67 డిగ్రీల దగ్గర నిలబడింది. రెండోది 83కు వెళ్లి ఇంకా ఎక్కుతోంది. ఆపేశాను.

కారణం బోర్డు మీదే ఉంది. ప్రాసెసర్లు కూర్చునే రెండు సాకెట్లూ ఒకదాని వెనుక ఒకటి, కాస్త పక్కకు జరిగి ఉన్నాయి. ముందున్న ప్రాసెసర్ గాలిని వేడి చేసి వెనకదానికి పంపుతోంది. బోర్డును తొంభై డిగ్రీలు తిప్పి బిగిస్తే రెండింటికీ పక్కపక్కనే చల్లని గాలి అందుతుంది కదా అని ఒక రోజంతా ఆ బొమ్మలు గీశాను. ర్యామ్ కడ్డీలను చూశాక విరమించుకున్నాను. అవి బోర్డు మీద ఒకే దిశలో బారులు తీరి ఉంటాయి. గాలి ఆ బారుల వెంట వెళ్తే వాటి మధ్య సందుల్లోంచి జారిపోతుంది. అడ్డంగా వస్తే ప్రతి కడ్డీ ఒక గోడే. బోర్డు గీసినవాళ్లు గాలి ఎటు నుంచి ఎటు వెళ్లాలో ఆ కడ్డీలతోనే చెప్పేశారు. మనం చేయగలిగింది ఆ దారిలోనే రెండో ప్రాసెసర్‌కు వేరే వాటా ఇవ్వడం. అప్పటి నుంచి నేను పెట్టెను గీయడం మానేసి గాలి దారిని గీయడం మొదలుపెట్టాను. గోడలు దాని చుట్టూ వచ్చాయి.

ఎంత గాలి కావాలో చెప్పే ఒక చిన్న లెక్క ఉంది. ఖర్చయ్యే వాట్లను 1.76తో గుణించి, లోపలి గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కినా ఫరవాలేదో ఆ సంఖ్యతో భాగిస్తే, నిమిషానికి కావలసిన ఘనపుటడుగులు వస్తాయి. నా ప్రాసెసర్లు ఒక్కోటి 120 వాట్లు. ర్యామ్, డిస్కులు, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ అన్నీ కలిపి 400 వాట్లు అనుకున్నాను. పది డిగ్రీలకు మించకూడదంటే 70 ఘనపుటడుగులు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కనుక గాలి కొంచెం పలుచన. 75 వేసుకున్నాను. ఫ్యాను డబ్బా మీద రాసే సంఖ్య ఏ అడ్డూ లేనప్పటిది. జాలీ, దుమ్ముతెర, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకులు దాటుకుని వచ్చేసరికి సగం మిగిలితే గొప్ప. అలా మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు తేలాయి. ఇదే లెక్కతో ఇంకోటి తెలిసింది. మొదటి హీట్‌సింక్ గుండా 35 ఘనపుటడుగులు వెళ్తున్నాయనుకుంటే, ఆ గాలి రెండోదాన్ని చేరేసరికి ఆరు డిగ్రీలు ఎక్కి ఉంటుంది. నాకు కనబడిన తేడా పదహారు. అంటే మిగతా పది డిగ్రీల తప్పు ప్రాసెసర్లది కాదు, గాలి ఇంకెక్కడికో పోతోంది.

ఎక్కడికి పోతోందో అగరబత్తి చెప్పింది. పక్క అట్ట తీసేసి పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం అతికించి, ముందు ఫ్యాన్ల దగ్గర అగరబత్తి పట్టుకున్నాను. పొగ లోపలికి వెళ్లి, హీట్‌సింక్ ముందు ఒక్క క్షణం నిలబడినట్టు ఆగి, పైకి లేచి, హీట్‌సింక్‌కూ పక్క గోడకూ మధ్య ఉన్న ఖాళీలోంచి నేరుగా వెనక్కి పోయింది. రేకుల మధ్యకు వెళ్లింది సన్నని పాయ మాత్రమే. ఇంకో పాయ మరీ దారుణం. ఫ్యాన్ల కింది సందులోంచి ముందుకు తిరిగి వచ్చి మళ్లీ అదే ఫ్యానులోకి దూరుతోంది. వేడెక్కిన గాలినే మళ్లీ మళ్లీ తాగుతోందన్నమాట. నీరు పల్లమెరుగు అంటారు, గాలి కూడా అంతే. అడ్డు తక్కువ ఉన్న చోటికే పోతుంది. ఆ రాత్రి అట్ట ముక్కలు కోసి, ఒక్కో సందు మూస్తూ, ఒక్కోసారి అగరబత్తి వెలిగిస్తూ కూర్చున్నాను. మా అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, "అర్ధరాత్రి పూజ ఏమిటే" అంది. విషయం చెబితే వచ్చి కూర్చుని, నేను అట్ట పట్టుకుంటే తను అగరబత్తి పట్టుకుంది.

చివరికి కుదిరిన అమరిక ఇది. డిస్కులు ముందు అరలో. వాటి వెనుక మూడు ఫ్యాన్లున్న అడ్డుగోడ, చుట్టూ నురుగు పట్టీతో సందు లేకుండా మూసి. ఆ గోడ నుంచి వెనక్కి ఒక సొరంగం. దాని మధ్యలో ఏటవాలుగా ఒక పలక. పలకకు ఒక పక్కన వెళ్లే గాలి మొదటి ప్రాసెసర్‌ది. రెండో పక్కన వెళ్లేది మొదటిదాన్ని తాకకుండా తిన్నగా రెండోదానికి. సాకెట్లు కాస్త పక్కకు జరిగి ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. అట్టతోనే చేసిన ఈ సొరంగంతో రెండోది 83 నుంచి 72కు దిగింది. మొదటిది 68. ఆ అంకెలు చూసి నేను పొందిన సంతోషం మాటల్లో పెట్టలేను.

తర్వాత బొమ్మలు గీయడం. కొలతలతో బొమ్మలు గీసే ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో రేకు పనికి ప్రత్యేకమైన విభాగం ఉంది, ఉచితం కూడా. స్క్రూ రంధ్రాల స్థానాలను బోర్డు నుంచే తీసుకున్నాను. గీసిన బొమ్మను అసలు కొలతలో ముద్రించి బోర్డు కింద పెట్టి, ప్రతి రంధ్రంలోంచి సూది గుచ్చి చూసుకున్నాను. ఏ3 కాగితం వెడల్పు 297 మిల్లీమీటర్లే, బోర్డు పట్టదు. ఏ2 ముద్రించే చోటు వెతుక్కోవాలి. రెండు ముక్కలు ముద్రించి అతికిస్తే ఆ అతుకు దగ్గరే అర మిల్లీమీటరు పోతుంది. గ్రాఫిక్స్ లాంటి కార్డుల అరల మధ్య దూరం 20.32 మిల్లీమీటర్లు, వెనుక ప్లగ్గుల కంత 158.75, 44.45, ఫ్యాను స్క్రూల మధ్య 105. వీటిలో ఎక్కడా సర్దుబాటుకు వీల్లేదు.

రేకు పని బాలానగర్‌లో చేయించాను. రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ కూడా ఇలాంటి నమూనాల తయారీకే ఉంది. నాకు మాత్రం మిషన్ నడిపే మనిషి పక్కన నిలబడి అడిగి తెలుసుకోవాలని ఉండింది. లేజర్ కటింగ్ షాపులో నా బొమ్మ చూసి మొదట అన్నది జాలీ గురించి. ముందు వైపు అంతా ఐదు మిల్లీమీటర్ల కంతలు, రెండు వేలకు పైగా గీశాను. కంతకో సారి లేజర్ రేకును గుచ్చాలి, ఖర్చు దాని మీదే పెరుగుతుంది. అన్ని కంతలు దగ్గరదగ్గరగా పడితే 1.2 మిల్లీమీటర్ల రేకు ఆ వేడికి అప్పడంలా వంకర పోతుంది. రాణిగంజ్‌లో కంతలు కొట్టిన రేకు సిద్ధంగా దొరుకుతుందని వాళ్లే చెప్పారు. ముందు వైపు పెద్ద కిటికీ ఒకటి కోయించి, వెనుక ఆ జాలీ రేకు బిగించాను.

బెండింగ్ మిషన్ నడిపే మేస్త్రీ గారికి అరవై దాటి ఉంటాయి. బొమ్మను చాలాసేపు చూశారు. "అమ్మా, మూడు వైపులా వంచాను అనుకో. నాలుగో వైపు మిషన్‌లో ఎలా పెట్టాలి?" అని అడిగారు. అర్థం కాలేదు. నా చేతిలోని కాగితం తీసుకుని అంచులు ఒక్కొక్కటే మడిచి, అరచేతిని మిషన్‌లో రేకును నొక్కే పన్నులా నిలబెట్టి చూపించారు. మూడో మడత పడ్డాక లోపలికి తిరిగిన అంచు అరచేతికి అడ్డు తగిలింది. తెర మీద అన్ని వంపులూ ఒకేసారి పడతాయి, షాపులో ఒకదాని తర్వాత ఒకటి పడాలి. ఆ ఒక్క ట్రేను రెండు ముక్కలుగా విడదీసి రివిట్లు కొట్టే విధంగా బొమ్మ మార్చుకుని మర్నాడు వెళ్లాను.

అయినా మొదటి సారి తేడా వచ్చింది. వెనుక పలకకూ బోర్డు ట్రేకూ మధ్య నాలుగు వంపులున్నాయి. అన్నీ పూర్తయి బోర్డు బిగించి గ్రాఫిక్స్ కార్డు పెట్టబోతే, కార్డు అంచు స్క్రూ రంధ్రానికి మిల్లీమీటరు ఇవతల ఆగింది. నెట్టితే కార్డు ఏటవాలుగా కూర్చుంటోంది. రేకు వంగేటప్పుడు కొంత సాగుతుంది, ఎంత సాగుతుందో సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పాలి. నేను అందులో ఉన్న అంకెనే వదిలేశాను. ఒక్కో వంపుకు పావు మిల్లీమీటరు తేడా, నాలుగు వంపులకు ఒక మిల్లీమీటరు.

మేస్త్రీ గారు విసుక్కోలేదు. అదే రేకులోంచి సరిగ్గా 100 మిల్లీమీటర్ల పట్టీ కత్తిరించి, నడిమికి గుర్తు పెట్టి, అదే మిషన్‌లో తొంభై డిగ్రీలు వంచి నా చేతికిచ్చారు. "రెండు కాళ్లూ బయటి నుంచి కొలువు" అన్నారు. వెర్నియర్‌తో కొలిచాను. ఒకటి 51.1, ఒకటి 51.0. మొత్తం 102.1. నూరు మిల్లీమీటర్ల రేకు వంచాక బయటి కొలతల్లో నూట రెండు చిల్లర అయింది. "ఆ పైనున్నది ప్రతి వంపుకూ తీసెయ్యి. మిషన్ మారినా, రేకు మందం మారినా మళ్లీ ఈ పట్టీ వంచి చూసుకోవాలి. పుస్తకంలో అంకె ఏ మిషన్‌దో మనకేం తెలుసు?" ఆ 2.1తో లెక్క తిరిగి వేసి రెండు ముక్కలు మళ్లీ కోయించాను. కార్డు తన చోట తానే కూర్చున్నట్టు కూర్చుంది.

ఆ రోజే ఇంకో సంగతీ నేర్చుకున్నాను. 1.2 మిల్లీమీటర్ల రేకులో మూడు మిల్లీమీటర్ల స్క్రూకు మర తీస్తే రెండు చుట్లే పడతాయి, నాలుగుసార్లు విప్పి బిగిస్తే అరిగిపోతాయి. స్టాండాఫ్‌ల దగ్గర రేకులో ఒత్తి బిగించే నట్లు పెట్టించాం. సొరంగానికి నేను అక్రిలిక్ అనుకున్నాను, వంచితే విరుగుతుందని వద్దన్నారు. పాలీకార్బనేట్ పలకను రేకులాగే చల్లగా అదే మిషన్‌లో వంచి ఇచ్చారు.

పౌడర్ కోటింగ్ దగ్గర తొందరపడ్డాను. రంగు పొడి చల్లి 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో పెడతారు. పొర మందం అరవై, ఎనభై మైక్రాన్లు ఉంటుంది. మరలు మూయకుండా ఇచ్చాను కాబట్టి నట్లన్నింట్లో రంగు చేరింది, ఒక్కొక్కటీ మళ్లీ మర తిప్పి శుభ్రం చేసుకోవాల్సి వచ్చింది. వెనుక ప్లగ్గుల కంత దగ్గర రెండు వైపులా పొర చేరి అంచు లావెక్కడంతో పలుచని రేకు మూత పట్టు దొరక్క ఊడిపోయింది. ఆకురాయితో అంచంతా గీకాను. అన్నింటికంటే ముఖ్యమైనది ఎర్త్. రంగు పొర కరెంటును పారనివ్వదు. మల్టీమీటర్ ఒక కొన పవర్ ప్లగ్గు ఎర్త్ పిన్నుకు, ఇంకో కొన పక్క తలుపుకు పెడితే చప్పుడు రాలేదు. అంటే లోపల ఏ తీగైనా తెగి తలుపుకు తగిలితే ఆ కరెంటుకు నేలలోకి దారి లేదు. స్క్రూలు కూర్చునే చోట్ల రంగు గీకి, పళ్లున్న వాషర్లు వేశాక బీప్ మోగింది. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ ఇలాంటి పెట్టెను ఇంట్లో వాడకూడదు.

అన్నీ బిగించి ఆన్ చేస్తే కొత్త వింత. ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతాయి, హఠాత్తుగా రోదగా లేస్తాయి, మళ్లీ తగ్గుతాయి, పది సెకన్లకోసారి ఇదే. సర్వర్ బోర్డుల మీద కాపలా కాసే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. ఫ్యాను వేగం తను పెట్టుకున్న హద్దు కంటే తగ్గితే ఫ్యాను చెడిపోయిందని భావించి అన్నింటినీ పూర్తి వేగంతో తిప్పేస్తుంది. నా పెద్ద ఫ్యాన్లు నిమిషానికి 500 చుట్లు తిరగడమే వాటి గుణం. ఆ చిప్‌కు ఆదేశాలిచ్చే ఐపీఎంఐ టూల్ అనే ప్రోగ్రాంతో ఆ హద్దును 200కు దించాను. ఇల్లు ప్రశాంతమైంది.

ఇప్పుడు పెట్టె కొలతలు 520, 440, 185 మిల్లీమీటర్లు. ఖాళీగా పది కిలోలకు పైనే. రెండుసార్లు కోయించిన ముక్కలతో కలిపి తొమ్మిది వేల రూపాయల లోపు అయింది. ముందు జాలీకి దోమతెర గుడ్డ అతికించాను, పదిహేను రోజులకోసారి కడుగుతున్నాను. మే నెలలో గదిలో 38 డిగ్రీలున్న మధ్యాహ్నం కూడా 56 పుటలు ఒకేసారి నడుస్తుంటే ప్రాసెసర్లు 70, 74 దగ్గర నిలబడ్డాయి. పక్క గదిలో అమ్మ నిద్రకు భంగం లేదు.

ఒక్కటి మిగిలింది. డిస్కులున్న అర పలుచగా ఉండటంతో నాలుగు డిస్కులూ కలిసి తిరిగినప్పుడు సన్నగా జుమ్మని మోగుతోంది. అంచులు లోపలికి మడిస్తే రేకు బిగుసుకుంటుందని, స్క్రూల కింద రబ్బరు బుష్షులు వేయమని మేస్త్రీ గారు ఫోనులో చెప్పారు. బొమ్మ సిద్ధం చేశాను, ప్రతి వంపుకూ 2.1 తీసేశాను. సోమవారం మళ్లీ బాలానగర్ వెళ్తున్నాను.